పోస్టులో వచ్చే రేసు సిస్టమ్ పుస్తకాలు నిజంగా పనిచేస్తాయా?

తాడిపత్రి నుంచి ఒక తమ్ముడు అడిగాడు. వాళ్ల చిన్నాయన ఈ మధ్యే రిటైర్ అయ్యారు. ఆయనకు పోస్టులో రంగుల బ్రోచర్ ఒకటి వచ్చింది. 7,500 రూపాయలకు గుర్రపు పందాల "సిస్టమ్" పుస్తకం (ఏ గుర్రం మీద ఎలా కట్టాలో చెప్పే నియమాలు) పంపుతారట, డబ్బు పార్సిల్ వచ్చినప్పుడు పోస్ట్‌మ్యాన్‌కు కడితే చాలట, రోజుకు అరగంట కూర్చుంటే చాలట, నెలకు 40 వేలు ఖాయమట, పనిచేయకపోతే డబ్బు వాపసట. ఆయన సరేనని జవాబు రాసేశారు. పార్సిల్ ఇంకా రాలేదు. "ఇది నిజమేనా? మా చిన్నాయన ఇంజనీరుగా చేసిన మనిషి, లెక్కలు బాగా తెలుసు, ఉత్తినే మోసం అంటే వినడు. ఏం చెప్పి ఆపాలి?" అన్నది ప్రశ్న.

సూటిగా చెప్తా. పనిచేయదు. పార్సిల్ వస్తే తీసుకోవద్దు. ఎవరు అమ్మినా, ఎంతకు అమ్మినా నా జవాబు ఇదే. మీ చిన్నాయనకు లెక్కలు తెలుసన్నావు కాబట్టి కారణాలు లెక్కలతోనే చెప్తాను. కొంచెం పొడుగవుతుంది, ఓపిగ్గా చదువు.

నేను బెంగళూరు రేస్ కోర్సులో లైసెన్సు ఉన్న ఒక బుక్‌మేకర్ (జనం దగ్గర పందాలు తీసుకుని, గెలిచినవాళ్లకు డబ్బు ఇచ్చేవాడు) దగ్గర చాలా ఏళ్లు పద్దులు రాశాను. ఇప్పుడు అనంతపురంలో ఉంటున్నా. ఎవరు ఏ గుర్రం మీద ఎంత కట్టారు, ఏ రేటుకు (గెలిస్తే రూపాయికి ఎంత లాభం అన్న లెక్కకు) కట్టారు, అది గెలిస్తే మేం ఎంత ఇచ్చుకోవాలి అన్నది రేసు మొదలయ్యే లోపే మా కాగితం మీద ఉండాలి. ఆ పద్దు కొన్నాళ్లు రాస్తే గెలిచేదెవరో, ఓడేదెవరో ముఖాలతో సహా తెలిసిపోతుంది. పుస్తకం చదివి వచ్చినవాళ్లు, చార్టు గీసుకుని వచ్చినవాళ్లు, తేదీలు, నంబర్లు కూడి తీసివేసి ఆడేవాళ్లు, ధర్మవరం, హిందూపురం నుంచి పొద్దున రైలెక్కి వచ్చేవాళ్లు, అందరూ ఆ పద్దులో ఉండేవారు. వాళ్లను చూసి మా ఓనరు ఎప్పుడూ టెన్షన్ పడలేదు. ఆయన టెన్షన్ పడేది వేరేవాళ్లను చూసి. వాళ్ల సంగతి తర్వాత చెప్తా.

ముందు ఒక మాట. ఆ పుస్తకాల్లో అన్నీ అబద్ధాలే ఉంటాయని మీ చిన్నాయనతో అనొద్దు. అంటే నువ్వే ఓడిపోతావు. నా చేతికి వచ్చిన ఇలాంటి పుస్తకాల్లో ఎక్కువ భాగం నిజాలే. కిందటి రేసులో మొదటి మూడు స్థానాల్లో వచ్చిన గుర్రాన్ని చూడు, ఈసారి మోయాల్సిన బరువు తగ్గిందా చూడు, అదే జాకీ మళ్లీ ఎక్కుతున్నాడా చూడు, ఈ దూరంలో ఇదివరకు గెలిచిందా చూడు, 1,200 మీటర్ల రేసయితే లోపలి గేటు (మలుపులో తక్కువ దూరం పడే వైపు నుంచి బయల్దేరే చోటు) వచ్చిందా చూడు. ఇందులో తప్పేముంది? రేసులు చూసే ఎవరైనా ఇవే చూస్తారు. చదువుకున్నవాళ్లు పడిపోయేది కూడా ఇక్కడే. "ఇందులో లాజిక్ ఉంది" అంటారు. ఉంది. కానీ ఆ లాజిక్ రేటులో ముందే కలిసిపోయి ఉంటుంది.

వానలు పడలేదని జిల్లా అంతా తెలిశాక ఆ వార్తను నమ్ముకుని వేరుశనగ కొని దాస్తే లాభం వస్తుందా? మార్కెట్లో ధర అప్పటికే పెరిగి కూర్చుంటుంది. రేసు కూడా అంతే. గుర్రం బాగుందని పుస్తకం చెప్పేసరికి బోర్డు మీద దాని రేటు తగ్గిపోయి ఉంటుంది. మంచి గుర్రాన్ని పట్టుకోవడం పెద్ద కష్టం కాదు. ఫేవరెట్ గుర్రాలు (బోర్డు మీద అన్నిటికంటే తక్కువ రేటున్నవి) సుమారు మూడింట ఒక రేసు గెలుస్తాయి, ఇది ఏ దేశంలోనైనా కాస్త అటూ ఇటుగా ఇంతే. కళ్లు మూసుకుని ఫేవరెట్ మీద కట్టేవాడు కూడా మూడింట ఒకటి గెలుస్తాడు. అయినా సీజన్ చివరికి నష్టంలోనే ఉంటాడు. ఎందుకో ఈ లెక్క చూడు.

ఎనిమిది గుర్రాల రేసు. బోర్డు మీద రేట్లు 2/1, 3/1, 4/1, 5/1, 8/1, 10/1, 15/1, 20/1 అనుకో (2/1 అంటే 1 కట్టి గెలిస్తే 2 లాభం, కట్టిన 1 కూడా వెనక్కి). ఏ గుర్రం గెలిచినా నీ చేతికి సరిగ్గా 100 రూపాయలు రావాలంటే ఒక్కోదాని మీద ఎంత కట్టాలి? వరసగా 33, 25, 20, 17, 11, 9, 6, 5. కూడు. 126 వస్తుంది. అంటే అన్ని గుర్రాలూ కొనేసినా 126 పెట్టి 100 తీసుకుంటున్నావు. ఆ 26 బుక్‌మేకర్ బతుకుతెరువు. ఒక గుర్రాన్నే ఎంచుకుని కట్టినా ఆ తరుగు నీ రేటులో ఉంటుంది, కనిపించదంతే. అందరి పందాలూ ఒక కుప్పగా వేసే టోట్‌లోనూ వేరే కాదు, వచ్చిన డబ్బులో ముందే కొంత కోసుకుని మిగిలింది గెలిచినవాళ్లకు పంచుతారు. కాబట్టి సిస్టమ్ అన్నది మామూలు జనం కంటే కొంచెం మెరుగ్గా ఉంటే చాలదు, ఈ తరుగును పూడ్చేంత మెరుగ్గా ఉండాలి. 7,500 కట్టిన ప్రతివాడి చేతిలోనూ ఉన్న పుస్తకం మామూలు జనం కంటే అంత మెరుగ్గా ఎలా ఉంటుంది? ఆ పుస్తకం కొన్నవాళ్లందరూ ఒకే గుర్రం మీద కడితే దాని రేటు ఇంకా పడిపోతుంది కదా.

ఇక బ్రోచర్‌లో ఒక్క ముక్క కూడా ఉండని విషయం, పన్ను. 2023 అక్టోబరు 1 నుంచి పందెం పూర్తి విలువ మీద 28 శాతం జీఎస్టీ వేశారు. 2025 సెప్టెంబరు 22 నుంచి అది 40 శాతం అయింది. లాభం మీద కాదు, కట్టిన డబ్బు మీద. దీన్ని పందెం పైన వేసి వసూలు చేస్తే 100 రూపాయల పందానికి నీ జేబులోంచి 140 పోతుంది. 100కి 100 లాభం ఇచ్చే గుర్రం గెలిచినా నీకు తిరిగి వచ్చేది 200. అంటే ఇలాంటి పందాలు వందలో 70 గెలిస్తేనే నువ్వు పెట్టింది నీకు వస్తుంది, లాభం సున్నా. 2/1 గుర్రాలైతే వందలో 47 గెలవాలి, ఆ రేటు చెప్తున్నది మాత్రం వందలో 33. దీని మీద ఇంకోటి ఉంది. ఒక పందెంలో గెలుపు 10,000 దాటితే 30 శాతం టీడీఎస్ పట్టుకుంటారు. ఆదాయపు పన్ను లెక్కలో ఓడిన డబ్బును గెలిచిన డబ్బులోంచి తీసివేయనివ్వరు. ఆదివారం 50 వేలు గెలిచి శనివారం 60 వేలు ఓడినా ఆ 50 వేల మీద పన్ను కట్టాల్సిందే. జీఎస్టీ రాకముందే, పన్నులు ఇంత లేని రోజుల్లోనే సిస్టమ్ ఆటగాళ్లు మా పద్దులో ఎర్ర గీత కింద ఉండేవారు. ఇప్పుడు ఎవరైనా "నెలకు 40 వేలు ఖాయం" అంటే నాకు నవ్వొస్తుంది. ఇంజనీరు గారికి మిగతాదంతా వదిలేసి ఈ ఒక్క పేరా చదివి వినిపించినా నాకు అభ్యంతరం లేదు.

"మరి బ్రోచర్‌లో పోయిన సీజన్ ఫలితాలు ఇచ్చారు, 100కి 78 గెలిచాయి, రేసు తేదీలతో సహా ఉన్నాయి" అంటారాయన. ఉంటాయి. తేదీలు నిజం, గుర్రాలు నిజం, గెలిచిందీ నిజం. రేసు అయిపోయాక నియమం రాశారు, అంతే తేడా.

ఇది ఎంత తేలికో చూపించడానికి నేను ఒకసారి మా గదిలో ఉన్న కుర్రాళ్లతో సరదాగా ఒక ఆట ఆడాను. పాత రేస్ కార్డులు ముందేసుకుని వెర్రి నియమాలు కొన్ని రాశాం. జాకీ చొక్కాలో పచ్చ రంగు ఉన్న గుర్రం, పేరు 'ఎస్'తో మొదలయ్యే గుర్రం, నాలుగో నంబరు గుర్రం, ఇలాంటివి. (జాకీ వేసుకునే రంగులు గుర్రం యజమానివి, వాటికీ పరుగుకూ ఏ సంబంధమూ లేదు.) ఆ సీజన్‌కు పచ్చ చొక్కా నియమం భలే లాభం చూపించింది. కారణం ఏంటయ్యా అంటే 30/1 రేటున్న ఒక ఔట్‌సైడర్ ఎవరూ అనుకోకుండా గెలిచింది, దాని జాకీ పచ్చ చొక్కాలో ఉన్నాడు. ఆ ఒక్క రేసు తీసేస్తే నష్టమే. తర్వాతి సీజన్ కార్డులకు అదే నియమం పెట్టి చూస్తే నిలువునా మునిగింది. పుస్తకం అమ్మేవాడికి మాత్రం మొదటి సీజన్ చాలు, రెండోది అచ్చు వేయడు. ఎన్నో నియమాలు ప్రయత్నించి, అందులో గెలిచిన ఒకదాన్నే చూపించి, మిగతావి చెత్తబుట్టలో వేస్తే ఎవడైనా మేధావిలాగే కనబడతాడు.

గుర్రం పాత ఫలితాల మీద నడిచే సిస్టమ్‌లకు ఇంకో గండం ఉంది. దీన్ని పుస్తకాలు ఒక పేజీలో మొక్కుబడిగా దాటేస్తాయి. మన దేశంలో ఎక్కువ రేసులు హ్యాండికాప్ రేసులు. ప్రతి గుర్రానికీ ఒక రేటింగ్ ఉంటుంది, 20 నుంచి 45 రేటింగ్ ఉన్నవి ఒక తరగతి, 40 నుంచి 65 ఉన్నవి ఇంకో తరగతి, ఇలా. బాగా పరిగెత్తితే రేటింగ్ పెంచుతారు, రేటింగ్ పెరిగితే మోసే బరువు పెరుగుతుంది. జాకీ తేలికైనవాడైతే ఆ లోటు సీసం పలకలతో నింపుతారు. హ్యాండికాపర్ అనే ఆయన ఉద్యోగమే అన్ని గుర్రాలూ ఒకేసారి గీత దాటేలా బరువులు సర్దడం. అది నూటికి నూరుపాళ్లు కుదరదు గానీ, "కిందటిసారి గెలిచింది కాబట్టి" అన్న నీ లెక్కను చెడగొట్టడానికే జీతం తీసుకునే మనిషి ఒకడు అక్కడ కూర్చున్నాడని గుర్తుపెట్టుకో. నువ్వు చదివే ఫలితాలన్నీ ఆయన నీకంటే ముందు చదివాడు.

కొన్ని పుస్తకాల్లో గుర్రాల గురించి అసలు ఏమీ ఉండదు, డబ్బు ఎలా కట్టాలన్నదే ఉంటుంది. ఓడితే రెట్టింపు కట్టు, ఎప్పుడో ఒకప్పుడు గెలుస్తావు, అప్పుడు పోయిందంతా వచ్చి పైన లాభం మిగులుతుంది. మట్కా ఆడేవాళ్లకు ఇది కొత్త కాదు, మన సీమలో చీటీ రాసే ప్రతి బంకు దగ్గరా ఈ ఉపాయం చెప్పేవాడు ఒకడుంటాడు. 100తో మొదలుపెట్టి వరసగా పది ఓడితే అప్పటికి పోయింది 1,02,300. పదకొండో పందెం 1,02,400 కట్టాలి, 100కి 100 ఇచ్చే రేటులో గెలిస్తే చివరికి మిగిలేది 100 రూపాయలు! వరసగా పది ఓడటం జరిగే పనేనా అంటావేమో. ఫేవరెట్లు మూడింట రెండు సార్లు ఓడతాయి కదా, 200 రేసులు ఆడితే ఎక్కడో ఒకచోట పది వరస తగిలే అవకాశం సగానికి పైనే. ఇంజనీరు గారిని వేసి చూడమను. నేను చూసినంతలో ఇలా ఆడేవాళ్లు ఎనిమిదో తొమ్మిదో పందెం దగ్గర ఆగిపోతారు. ధైర్యం చాలక కాదు, ఇంట్లో ఇంక బంగారం లేక.

ఇప్పుడు ఫలానా గుర్రం గెలుస్తుందని ఫ్రీగా టిప్పులు పంపే ఉత్తరాల సంగతి. ఇది పాత విద్య. పదిహేను పైసల కార్డు రోజుల నుంచీ ఉంది, ఇప్పుడు వాట్సాప్ వచ్చాక ఆ పదిహేను పైసలు కూడా ఖర్చు కాదు. 4,096 మంది పేర్లు సంపాదిస్తారు. ఎనిమిది గుర్రాల రేసు ఒకటి తీసుకుని 512 మందికి ఒకటో గుర్రం, ఇంకో 512 మందికి రెండో గుర్రం, ఇలా అన్నీ పంపుతారు. ఏదో ఒకటి గెలుస్తుంది కాబట్టి 512 మందికి "సరైన" టిప్పు వచ్చినట్టే. మిగతావాళ్లను మర్చిపోతారు. ఆ 512 మందినే మళ్లీ ఎనిమిదిగా విడదీస్తే 64 మందికి వరసగా రెండు గెలుపులు. ఇంకోసారి చేస్తే 8 మందికి వరసగా మూడు. పైసా ఖర్చు లేకుండా, ముందే చెప్పి, మూడుకు మూడు గెలిచిన టిప్పు అందుకున్న ఆ ఎనిమిది మంది నాలుగోదానికి ఎంత అడిగినా ఇస్తారు. వాళ్లను తప్పు పట్టలేం, వాళ్ల కళ్లతో చూస్తే రుజువు ఉంది మరి. మీ చిన్నాయనకు బ్రోచర్ కంటే ముందు ఫ్రీ టిప్పులేమైనా వచ్చాయేమో కనుక్కో. ఆయన ఇంత గట్టిగా నమ్మడానికి అదే కారణం కావచ్చు.

నిజంగా గెలిచినవాళ్లు లేరా? ఉన్నారు, అబద్ధం చెప్పను. బయటి దేశంలో అందరికీ తెలిసిన పేరు బిల్ బెంటర్. 1980ల్లో హాంకాంగ్ వెళ్లి కంప్యూటర్‌తో గుర్రాల అవకాశాలు లెక్కగట్టి చాలా డబ్బు సంపాదించాడు. 1994లో తన పద్ధతి మీద ఒక పరిశోధనా వ్యాసం కూడా అచ్చయింది. అందులో నాకు నచ్చిన సంగతి, ఆయన తన లెక్కను ఒంటరిగా నమ్ముకోలేదు. జనం కట్టిన రేటును కూడా లెక్కలో కలిపాడు. ఎందుకంటే తనకు తెలియనివి చాలా జనానికి తెలుసని ఆయనకు తెలుసు. రోజుకు అరగంట పని కాదది. ఏళ్ల తరబడి వివరాలు పోగుచేసి, మనుషుల్ని పెట్టుకుని చేసిన వ్యాపారం. పైగా హాంకాంగ్‌లో ఒక్కో రేసుకు పడే డబ్బు చాలా పెద్దది, అంతలో ఆయన డబ్బు కలిసిపోయేది. మన దగ్గర ఆ వీలుండదు. ఒక చిన్న రేసులో టోట్‌లో విన్ (మొదటి స్థానం) మీద 2 లక్షలు పడ్డాయనుకో, కోత పోను 1,60,000 పంచుతారనుకో. నీ గుర్రం మీద జనం కట్టింది 20 వేలయితే 10 రూపాయలకు 80 వస్తుంది. అది చూసి నువ్వు ఇంకో 20 వేలు కట్టావు. ఇప్పుడు అదే 10 రూపాయలకు వచ్చేది 44. నీ గెలుపును నువ్వే సగం తినేశావు. గెలిచే పద్ధతి ఉన్నవాడు దాన్ని ఇంకొకరికి చెప్తే తన రేటే పడిపోతుంది. అందుకే చెప్పడు, 7,500కు అసలే చెప్పడు.

మా ఓనరు టెన్షన్ పడేది ఎవరిని చూసి అన్నాను కదా. సీజన్ మొత్తంలో అప్పుడప్పుడు మాత్రమే కనిపించి, ఒకే గుర్రం మీద, రేసు మొదలయ్యే ముందు పెద్ద మొత్తం కట్టి, మాట్లాడకుండా వెళ్లిపోయేవాళ్లు కొందరుండేవారు. వాళ్లకు లాయంలో ఏం జరుగుతోందో తెలుసు. ఏ గుర్రం కాలు బాగైంది, పొద్దున ట్రాక్ వర్క్‌లో (ప్రాక్టీసు పరుగులో) ఏది కావాలని నెమ్మదిగా పరిగెత్తింది, ఏది ఇవాళ గెలవడానికే వచ్చింది, అన్నీ. వాళ్ల డబ్బు పడగానే ఓనరు బోర్డు మీద రేటు చెరిపి తగ్గించేవాడు, పక్క బుకీల దగ్గర అదే గుర్రం మీద తనూ కట్టి భారం దించుకునేవాడు. వాళ్ల చేతిలో ఏ పుస్తకమూ ఉండేది కాదు. పుస్తకం ఉన్నవాడు మాత్రం ప్రతి రేసూ ఆడతాడు, ఎందుకంటే పుస్తకంలో ప్రతి రేసుకూ ఒక గుర్రం దొరుకుతుంది.

ఇక్కడ నిన్ను గట్టిగా హెచ్చరించాల్సింది ఒకటుంది. 7,500 పోతే పోయింది, అసలు ఉచ్చు పుస్తకం వచ్చిన తర్వాత మొదలవుతుంది. మన రాష్ట్రంలో రేస్ కోర్సు లేదు. హైదరాబాద్ మలక్‌పేటది 2014 తర్వాత తెలంగాణలోకి పోయింది. మనకు దగ్గర బెంగళూరే. రిటైరైన మనిషి వారం వారం అక్కడికి పోలేడు. అందుకని పుస్తకం చివరి పేజీలో ఒక ఫోన్ నంబరు ఉంటుంది, "మీ తరఫున మా ఏజెంటు పందెం కడతాడు, మీరు గుర్రం పేరు చెప్తే చాలు" అని. గుంతకల్లులో నాకు తెలిసిన ఒకాయన కథ ఇదే. పుస్తకానికి పోయింది ఆయన ఎప్పుడో మర్చిపోయాడు, ఆ ఏజెంటు దగ్గర అప్పు మీద ఆడి పొలం మీదికి తెచ్చుకున్నాడు. తర్వాత తెలిసిందేంటంటే, పుస్తకం అమ్మినవాడికి ఈయన ఓడిన డబ్బులో వాటా ఉంది. ఇప్పుడు ఆలోచించు, నువ్వు ఓడితే సంపాదించేవాడు నువ్వు గెలిచే పుస్తకం రాస్తాడా? ఏజెంటు పందెం నిజంగా రేస్ కోర్సుకు పంపుతాడా అంటే అదీ లేదు, తనే మింగుతాడు. ఎప్పుడైనా పెద్దది గెలిస్తే ఫోన్ స్విచ్ ఆఫ్. ఎక్కడ ఫిర్యాదు చేస్తావు? ఇలా ఊళ్లో చేతి మీద పందాలు తీసుకోవడం 1974 నాటి మన గేమింగ్ చట్టం కింద నేరం, ఆడినవాడి మీదా కేసు పడుతుంది. పింఛను తీసుకునే మనిషి పోలీస్ స్టేషన్ మెట్లు ఎక్కాల్సి వస్తే చిన్నమ్మ ముఖం ఎలా ఉంటుందో నీకే తెలుసు.

బ్రోచర్‌లో సుప్రీంకోర్టు పేరు కూడా వాడుకుని ఉంటారు. 1996లో మద్రాసు రేసుల కేసులో కోర్టు చెప్పింది నిజమే, గుర్రపు పందెం ఎక్కువగా నైపుణ్యం మీద ఆధారపడే ఆట అని. దానివల్ల రేస్ కోర్సులు చట్టబద్ధంగా నడుస్తున్నాయి. ఎవరో అచ్చేసిన పుస్తకానికి కోర్టు ముద్ర పడిందని దాని అర్థం కాదు.

డబ్బు వాపసు గ్యారంటీ గురించి ఎక్కువ చెప్పను. చిన్న అక్షరాలు చదివించు. కనీసం మూడు నెలలు ఒక్క పందెమూ వదలకుండా ఆడి ఉండాలి, అన్ని టికెట్లూ ఒరిజినల్స్ జతచేయాలి, ఏ నియమమూ తప్పి ఉండకూడదు, ఇలాంటి షరతులు ఉంటాయి. మూడు నెలలు ఆడినవాడికి 7,500 గురించి బెంగ ఉండదు, అప్పటికి దానికి ఎన్నో రెట్లు పోయి ఉంటుంది.

ఇక చిన్నాయనను ఆపడం. వాదించొద్దు, ఆయన పెద్దాయన, నువ్వు ఎంత చెప్పినా "నీకేం తెలుసురా" అంటాడు. ఆయనకు ఇష్టమైన పనే చేయమను, లెక్క రాయమను. నియమాలు బ్రోచర్‌లో కొంత తెలిసిపోతూనే ఉంటాయి, లేకపోతే నేను పైన రాసినవే తీసుకోమను, పుస్తకంలో అంతకు మించి ఉండవు. ఒక నోట్‌బుక్‌లో రేసుకు ముందు గుర్రం పేరు, ఆ సమయానికి దొరికే రేటు, 100 రూపాయల పందెం, దాని మీద 40 పన్ను రాసుకోవాలి. రేసు అయ్యాక ఒక్క అక్షరం దిద్దకూడదు. అన్నిటికంటే ముఖ్యం, "ఈ రేసు వదిలేద్దామనుకున్నాను" అనే మాట రేసు తర్వాత చెల్లదు. ఒక సీజన్ ఇలా రాస్తే చాలు. పది పదిహేను రేసులతో తీర్పు ఇవ్వొద్దు, మొదట్లో గెలిచి ఆయన ఊగిపోతే నీకే ఇబ్బంది. నాకు తెలిసిన ఒక రిటైర్డ్ మాస్టారు ఇలాగే కాగితం మీద ఆడటం మొదలుపెట్టాడు. ఇప్పటికీ ఆడుతున్నాడు, కాగితం మీదే. భలే కాలక్షేపం అంటాడు. రేసులు చూడటం తప్పు కాదు, గుర్రం పరిగెత్తుతుంటే చూడటానికి అందంగానే ఉంటుంది.

పార్సిల్ విషయం. ఇలా వచ్చినప్పుడు డబ్బు కట్టే పార్సిల్‌లో ఉన్న తిరకాసు ఏంటంటే డబ్బు కట్టాకే విప్పి చూడనిస్తారు. కాబట్టి పోస్ట్‌మ్యాన్ వచ్చినప్పుడు వద్దని చెప్తే చాలు, తీసుకోలేదని రాసుకుని పంపినవాడికే తిప్పేస్తారు. ఆర్డర్ ఇచ్చాం కదా, కేసు వేస్తామంటున్నారు అని భయపడొద్దు. అలాంటి ఫోన్లు వస్తాయి, లాయరునంటారు, నోటీసంటారు. ఏ నోటీసూ రాదు. ఒకవేళ ఇప్పటికే యూపీఐలో అడ్వాన్స్ పంపి ఉంటే ఆలస్యం చేయకుండా సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేసి చెప్పండి, ఎంత త్వరగా చెప్తే అంత మంచిది. పుస్తకం కొని గ్యారంటీ డబ్బు ఇవ్వనంటున్నారంటే 1915, అది వినియోగదారుల హెల్ప్‌లైన్.

ఇంకోటి. ఒకసారి జవాబు రాశాడంటే ఆయన పేరు, అడ్రసు జాబితాలోకి ఎక్కినట్టే. ఆ జాబితాలు చేతులు మారతాయి. కొన్నాళ్లకు షేర్ మార్కెట్ టిప్పులనీ, లాటరీ తగిలిందనీ వస్తాయి. వాటిలో అన్నిటికంటే చెడ్డది, "మీరు రేసు సిస్టమ్‌లో మోసపోయారని మాకు తెలిసింది, మీ డబ్బు తిరిగి ఇప్పిస్తాం, ముందు ఫీజు కట్టండి" అన్నది. చిన్నమ్మకు కూడా ఈ సంగతి చెప్పి పెట్టు, ఇంట్లో ఇంకొకరికి తెలిసి ఉండటం మంచిది.

నువ్వు రాసిన దాంట్లో ఒక మాట దగ్గర ఆగాను, "ఈ మధ్య రాత్రిళ్లు కూడా అదే లెక్కలు వేస్తున్నాడు" అన్నావు. పుస్తకం ఇంకా రాకముందే అంత పట్టుకుందంటే ఇంతకుముందు మట్కాగానీ, క్రికెట్ బెట్టింగ్‌గానీ అలవాటు ఉందేమో మెల్లగా కనుక్కో. ఉంటే నా లెక్కలేవీ ఆయన మీద పనిచేయవు. అప్పుడు 14416కు ఫోన్ చేయి. అది ప్రభుత్వం నడిపే టెలీ మానస్ హెల్ప్‌లైన్, డబ్బు తీసుకోరు, తెలుగులో మాట్లాడతారు. ఇంట్లోవాళ్లు చేసినా ఏం చేయాలో చెప్తారు.

అలవాటు లేదు, ఉత్తి ఉత్సాహమే అయితే నోట్‌బుక్ పని మొదలుపెట్టించు. బ్రోచర్‌లో ఉన్న నియమాలు, ఆయన రాసుకున్న మొదటి కొన్ని పేజీలు ఫొటో తీసి ఇక్కడే పెట్టు, రేట్లు సరిగ్గా వేశాడో లేదో నేను చూస్తాను.